వదినకు కరెంటు, గొర్రెపిల్లలకు పెయింటు

మా వదిన నన్ను తిట్టడం మానేసిన కొత్తలో, దాచడమెందుకు, నాకు చాలా హాయిగా ఉండింది.

నేను గిద్దలూరులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. మా ఊరు రాచర్ల అవతల. ఆదివారం వచ్చిందంటే షేర్ ఆటో ఎక్కి ఊరికి పోతాను. అక్కడ మా అన్నకు డెబ్భై దాకా గొర్రెలు, బోరు కింద కొంచెం మిర్చి, మెట్టలో కంది. ఆటో దిగి గడపలో కాలు పెట్టేలోపే వదిన మొదలుపెట్టేది. "వచ్చినాడమ్మా అయ్యవారు! చొక్కా నలగకుండా వచ్చినాడు. ఈడ దొడ్డి ఊడ్చేదానికి మనిషి ల్యాక నేను చస్తాంటే, ఆయనకు ఇస్త్రీ కావలసొచ్చింది." మామూలుగా నన్ను పేరు పెట్టే పిలుస్తుంది. 'అయ్యవారు' అందంటే మాత్రం ఆ రోజు నా పని అయిపోయినట్టే. నేను ఐదో తరగతిలో ఉండగా ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటికే మాకు అమ్మ లేదు. నాకు అన్నం పెట్టిందీ, తల దువ్వి బడికి తోలిందీ ఆమే. ఆ తిట్ల మీదే నేను ఇంత పెద్దవాణ్ణయ్యాను.

అలాంటి మనిషి ఒక ఆదివారం "వచ్చినావా" అని ఊరుకుంది. మరుసటి ఆదివారం అదీ అనలేదు. నాకు నలభై దాటాయి కదా, ఇన్నాళ్ళకు మర్యాద ఇస్తోందేమో అనుకున్నాను. ఎంత చదువు చదివి ఎంత తెలివి!

వదిన గురించి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పొద్దున్నే అన్న మందను తోలుకుని కొండ వైపు పోతాడు. అంత దూరం నడవలేని గొర్రెపిల్లలు ఇంటి దగ్గర దొడ్లోనే ఉంటాయి. సాయంత్రం మంద తిరిగొచ్చేసరికి దొడ్లో పిల్లలు, బయట తల్లులు, రెండు వైపులా అరుపులు. ఆ గోలకు పక్కనున్న మనిషి మాట వినపడదు. తడిక తీయగానే ఏ పిల్ల ఏ తల్లిదో చూసి కలపాలి. తొలిచూలు గొర్రెలకు తల్లితనం కొత్త, పిల్ల దగ్గరికి వస్తే బెదిరిపోతాయి. కవలలున్న తల్లి ఒకదాన్ని వదిలేస్తుంది. కొన్ని పిల్లలు మహా దొంగలు, ఎవరి పొదుగు దొరికితే అక్కడ దూరిపోతాయి. ఈ సంత మధ్యలో వదిన నిలబడి, నలభై పిల్లలను చేత్తో పట్టి, "ఇది దానిది, అది దీనిది" అంటూ వదిలేది. ఒక్కటి తప్పిందని నేనెప్పుడూ వినలేదు.

నాకేమో అన్నీ ఒక్కటిగానే కనిపిస్తాయి. నాకు గుర్తుపట్టడం వచ్చిందల్లా చెవి గుర్తే. మా వైపు ఒక్కో ఇంటివాళ్ళు గొర్రెల చెవులను ఒక్కో తీరుగా కోస్తారు, మందలు కలిసిపోతే విడదీసుకోవడానికి. మాది ఎడమ చెవి కొస కోత, కుడి చెవికి చీలిక. "అది మనది అని చెప్పేదానికి ఎమ్మెస్సీ చదవాల్నా?" అనేది వదిన. "నీకు పుస్తకంలో బొమ్మ ఏసి, గీతలు గీసి, పక్కన పేర్లు రాస్తేనే తెలుస్తాది."

ఆ ఏడు గొర్రెలు ఈనే కాలం మొదట్లోనే ఒకటి ఈని చచ్చిపోయింది. దాని పిల్ల తెల్లది, ఒక కంటి చుట్టూ మాత్రం నల్ల మచ్చ. వదిన దానికి సీసాతో పాలు పట్టింది. అప్పటికే ఆమెకు బాగాలేదు, మాకు తెలియలేదంతే. వంట ఆలస్యమయింది, తర్వాత వంట లేదు. జడ వేసుకోవడం మానింది. సాయంత్రాలు దొడ్డి దగ్గరికి రావడం మానింది. అన్న, పక్కింటి పిన్ని కలిసి ఎలాగో పిల్లలను కలిపేవారు. కానీ ఆ తల్లి లేని పిల్ల అరిస్తే మాత్రం లేచేది. సీసా పట్టి, మళ్ళీ పోయి మంచంలో పడుకునేది.

ఒక ఆదివారం నేను పోయేసరికి ఆ పిల్ల మంచం దగ్గర నిలబడి అరుస్తోంది. వదిన చీర కొంగు నోట పట్టి లాగుతోంది. పాల సీసా పక్కనే ఉంది. వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోవడం లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి.

"వదినా, పిల్లకు ఆకలి" అన్నాను.

"నా వల్ల గాదు. నేను ల్యాకపోతే మీకే సుఖం" అంది.

ఆ పూట సీసా నేనే పట్టాను.

అన్న ఏం చేశాడో తెలుసా? తాయెత్తు కట్టించాడు. దిష్టి తీయించాడు. కోడిని దిగదుడిచి పారేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "గొర్రెకు పారుడొస్తే పశువుల డాక్టరుకు ఫోను చేస్తావు, పెళ్ళానికి జబ్బు చేస్తే తాయెత్తు కడతావా?" అని వీధిలోకి వినపడేలా అరిచాను. అన్న తల దించుకున్నాడు. "ఏం జబ్బని చెప్పేదిరా? జ్వరం ల్యా, దగ్గు ల్యా" అన్నాడు. పాపం, అతనికీ భయమే. దానికి పేరు పెట్టడం రాలేదు.

మార్కాపురంలో ఒక డాక్టరు చూసి, డిప్రెషన్ అని చెప్పి, బిళ్ళలు రాశాడు. పని చేయడానికి నాలుగు వారాలన్నా పడుతుంది, మధ్యలో ఆపొద్దు అని రెండుసార్లు చెప్పాడు. అన్న రెండుసార్లూ తల ఊపాడు. పదో రోజున ఆపేశాడు.

"పది దినాలు మింగింది. ఏమన్నా తేడా ఉందా?" అన్నాడు నాతో. "జ్వరం బిళ్ళ ఏసుకుంటే పూటకు తగ్గుతాది. ఇయి పన్జేసే బిళ్ళలు గాదు."

క్లాసులో అయితే ఇలాంటివాణ్ణి బయట నిలబెట్టేవాణ్ణి. అన్న కాబట్టి కోపం దిగమింగి అడిగాను. "మిర్చికి డ్రిప్పు ఏసినావు గదా. మోటారు ఆన్ చేస్తే నీళ్ళు మొక్క మొదట్లోకి ఎంతసేపట్లో వస్తాయి?"

"గంటలో వస్తాయి."

"గంటకే కాయ కాసిందా?"

"యాడ కాస్తాది? ఏరు తాగాల, చిగురెయ్యాల, పూత రావాల."

"ఆ బిళ్ళా అంతే" అన్నాను. చెప్పింది అతనికి ఎక్కినట్టే కనిపించింది గాని, నాలోని లెక్చరరు అక్కడితో ఆగుతాడా? మిగతాదీ చెప్పాను. బిళ్ళ వేసుకున్న కొద్ది గంటలకే మెదడులో కొన్ని రసాయనాలు పెరుగుతాయి, అయినా మనసు తేలికపడడానికి వారాలు పడుతుంది. ఎందుకంత ఆలస్యం అంటే, శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి ఇది: ఆ కబురు కణం లోపల జన్యువుల దాకా చేరాలి. నిద్రపోతున్న కొన్ని జన్యువులు పనిలోకి రావాలి, మితిమీరి పనిచేస్తున్నవి తగ్గాలి. వాటిని బట్టి కణం కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోవాలి. అప్పుడు గాని ముడుచుకుపోయిన నరాల కొసలు మళ్ళీ చిగురేసి ఒకదానితో ఒకటి అంటుకోవు. ఇదంతా ఎక్కువగా ఎలుకల్లో చూసిన సంగతి, మనుషుల్లో ఇంకా తేలాల్సింది చాలా ఉంది. అన్న అంతా విని, "ఎలకలకు గూడా దిగులుంటాదా?" అన్నాడు. సరే, బిళ్ళలు మళ్ళీ మొదలయ్యాయి.

కానీ ఆలస్యమయిపోయింది. వదిన ముందు అన్నం, ఆ తర్వాత నీళ్ళు కూడా మానేసింది. బుగ్గలు పీక్కుపోయాయి. మార్కాపురం డాక్టరు చూసి, ఇక్కడ ఉంచొద్దు, గుంటూరు తీసుకుపొమ్మన్నాడు. రైల్లో వదిన కిటికీ పక్కన కూర్చుంది. కురిచేడు దాటిన తర్వాత పట్టాల పక్కన పెద్ద మంద కనిపించింది. తల కూడా తిప్పలేదు. మామూలుగా అయితే ఆ మందలో కుంటిది ఏదో, చూడిది ఏదో రైల్లోంచే చెప్పే మనిషి.

గుంటూరులో ఒక లేడీ డాక్టరు వదినను చూసింది. నిదానంగా మాట్లాడే మనిషి. బిళ్ళలు పనిచేసేదాకా ఆగే వ్యవధి లేదు, ఈసీటీ ఇద్దాం అంది. అంటే కరెంటు. అన్న మొహం పాలిపోయింది. మనందరికీ కరెంటు చికిత్స నేర్పింది సినిమాలే కదా. మంచానికి కట్టేసిన మనిషి, నోట్లో గుడ్డ, పక్కన నవ్వే విలన్. డాక్టరమ్మకు ఈ మొహాలు అలవాటేమో, "మీరు అనుకునేది ఏదీ ఉండదు" అని మొదలుపెట్టింది. మత్తు ఇచ్చి నిద్రపుచ్చుతారు, కండరాలు బిగుసుకోకుండా మందు ఇస్తారు, కరెంటు కొన్ని సెకన్లే. దానితో మెదడులో చిన్న మూర్ఛ లాంటి కదలిక వస్తుంది. మనిషికి తెలియదు. వారానికి రెండో మూడో చొప్పున కొన్ని వారాలు.

అప్పుడు వదిన నోరు తెరిచింది. నాలుగు రోజుల్లో అదే మొదటి మాట.

"గొర్రెపిల్లలు గుర్తుంటాయా నాకు?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను చెప్పాను, సాయంత్రం దొడ్డి సంగతంతా. ఆమె నవ్వలేదు, అదే నాకు నచ్చింది. వదిన పక్కన కూర్చుని సూటిగా చెప్పింది. "చికిత్స జరిగే వారాలు, దానికి ముందు కొన్ని వారాలు, మసక మసకగా అయిపోవచ్చమ్మా. కొన్ని తిరిగొస్తాయి. కొన్ని రాకపోవచ్చు. ఎప్పటినుంచో చేస్తున్న పని మామూలుగా పోదు. పోనే పోదని మాత్రం నేను మాటివ్వలేను."

"పిల్లలను కలపలేకపోతే నేనింక దేనికి?" అంది వదిన. ఏడవలేదు, ఏడ్చే ఓపిక కూడా లేదు. ఎవరి సంగతో అడిగినట్టు అడిగింది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది, ఆమెకు ఉన్నది ఆ నేర్పు ఒక్కటే అని అంత కాలం నేను ఆలోచించనే లేదు.

"వదినా, బిళ్ళ డ్రిప్పు లాంటిదనుకో. ఇది గట్టి వాన. చేను ఎండిపోతాంది, వాన కావాల" అన్నాను.

నా మొహంలోకి చూసి, "నువ్వు జామీనా?" అంది.

"జామీనే" అన్నాను. డాక్టరమ్మ ఇవ్వలేనని చెప్పిన మాట నేను ఇచ్చేశాను. వదిన ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది.

మూడోసారి అయిన తర్వాత ఇడ్లీ అడిగింది. నాలుగోసారి అయిన మర్నాడు వరండాలో బల్ల మీద కూర్చుని, జుట్టు ముడేసుకుంటూ, చట్నీలో ఉప్పు తక్కువైందని గొణిగింది. నేనూ అన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఉప్పు గురించి ఫిర్యాదు వింటే ప్రాణం లేచొస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సంతోషంలో నేను మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. ఆ చిన్న మూర్ఛ తర్వాత కొద్దిసేపట్లోనే మెదడు కణాల్లో కొన్ని జన్యువులు చురుకవుతాయనీ, నరాలు పెరగడానికి కావలసిన ప్రోటీన్ల తయారీ ఊపందుకుంటుందనీ, బిళ్ళలు మెల్లగా చేసే పనిలో కొంత ఇది తొందరగా చేస్తుందేమోనని పరిశోధకులు ఆలోచిస్తున్నారనీ. అన్న చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"జీన్సు అంటే వంశానికి సంబంధించిందే గదరా? కరెంటుతో అయి మారినాయంటే పిలకాయలకు తగలదూ?"

వాళ్ళ పిలకాయలిద్దరూ అప్పటికే మార్కాపురం హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. "వాళ్ళు పుట్టి పదిహేనేండ్లయింది అన్నా, ఇప్పుడెట్ల తగులుతాది?" అన్నాను.

"మల్లా వాళ్ళకు పుట్టేటోళ్ళకు?"

నేను చేతులు గాల్లో తిప్పుతూ జన్యువు మారడం వేరు, జన్యువు పనిచేసే తీరు మారడం వేరు అని, కంది గింజ అని, వాన అని, తడిస్తే మొలుస్తుంది గాని జొన్న అయిపోదని ఏదేదో చెప్తున్నాను. అన్న మొహంలో భయం పోలేదు. అప్పుడు వదిన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటూ అంది.

"మీ తాతల కాడ్నుంచి గొర్రెల చెవులు కోస్తానే ఉండారు గదా. ఒక్క పిల్లన్నా తెగిన చెవితో పుట్టిందా?"

అన్న గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అయిపోయింది, అతని భయం అక్కడే తీరిపోయింది. నేను గాల్లోని చేతులు దించుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నేను ఆ పాఠానికి గంట తీసుకుంటున్నాను! శాస్త్రం ఈ మధ్య ఆ మాటకూ కొన్ని మెలికలు పెడుతోంది, నిజమే. అయినా మా అన్నకు ఆ పూట కావలసింది ఆ మాటే. ఇప్పటికీ క్లాసులో దాన్నే చెప్తాను. పిల్లలు నవ్వుతారు, మర్చిపోరు. వదినకు మాత్రం ఆ మాట అన్నట్టు గుర్తు లేదు. ఆ బల్ల, ఆ ఇడ్లీ, ఆ వరండా ఏదీ గుర్తు లేదు.

ఆ మరుపు మొదలవడం నేను చూస్తూనే ఉన్నాను. నిన్న నేను వచ్చిన సంగతి ఇవాళ అడిగేది. గుంటూరుకు ఎలా వచ్చామో అడిగేది. చెప్తే "అవునా" అనేది. ఆ 'అవునా' వినపడ్డప్పుడల్లా నేనిచ్చిన జామీను గుర్తొచ్చి గుండెలో రాయి పడేది. ఊరికి పోయి దొడ్డి దగ్గర నిలబడి, నలుగురి ముందు ఒక్క పిల్లను కూడా గుర్తుపట్టలేకపోతే ఈ మనిషి ఏమయిపోవాలి?

అందుకని నేనొక ఉపాయం చేశాను. ఇక్కడే నా తెలివి చూడాలి.

వదిన ఇంటికొచ్చే వారం కాలేజీకి సెలవు పెట్టి ముందే ఊరికి పోయాను. సాయంత్రం, మేము గుంటూరులో ఉన్నన్నాళ్ళూ మందను చూసుకున్న పక్కింటి పిన్నిని పక్కన పెట్టుకుని తల్లులను, పిల్లలను జతలు జతలుగా నోటుబుక్కులో రాసుకున్నాను. తల్లుల వీపు మీద అంకెలు వేశాను. మర్నాడు మంద మేతకు పోగానే పిల్లలకూ అవే అంకెలు వేశాను, తోకకు కొంచెం పైన, బాగా కనపడేలా. ఇంటి గేటుకు వేయగా మిగిలిన నీలం ఎనామిల్ పెయింటు ఉంది, దానితోనే. వదిన వచ్చి అంకెకు అంకె కలుపుకుంటే చాలు, పరువు దక్కుతుంది. ఒక్క ఆ కంటి మచ్చ పిల్లకు మాత్రం అంకె వేయలేదు. జత చేయడానికి దానికి తల్లి లేదు కదా. వేసినంతసేపూ నన్ను నేను మెచ్చుకున్నాను.

సాయంత్రం మంద, అన్నా వదినా ఎక్కిన ఆటో ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. ఆటో దిగిన మనిషిని వీధి వీధంతా చుట్టుముట్టింది. ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "నేనెవరో చెప్పు?" "నన్ను గుర్తుపట్టినావా?" పరీక్ష హాలులో కూడా ఇన్ని ప్రశ్నలు ఉండవు. వదిన ఓపిగ్గా ఒకరిద్దరికి చెప్పింది. మూడో మనిషి, మా పక్కింటి పిన్ని, గడ్డం పట్టుకుని మరీ "నేనెవురమ్మా?" అని సాగదీసింది.

"పోయినేడు నా జల్లెడ తీసకపోయి ఇంకా తెచ్చియ్యనిదానివి" అంది వదిన.

అందరూ ఘొల్లుమన్నారు. నేను నవ్వబోతుండగా అన్న దొడ్డి తడిక తీశాడు.

పిల్లలు తల్లుల మీదికి పరిగెత్తాయి. తల్లులు వంగి, పిల్ల తోక దగ్గర వాసన చూసి, తల విదిలించి, ఒక్క కుమ్ము కుమ్మాయి. ఒకటి కాదు రెండు కాదు, ఏ తల్లీ పిల్లను దగ్గరికి రానివ్వడం లేదు. కుమ్ముడు తిన్న పిల్ల ఇంకో తల్లి దగ్గరికి పోతే అక్కడా కుమ్ముడే. ఓర్నాయనో, ఆ అరుపులు! పిల్లల ఒంటి మీది పెయింటు సరిగ్గా ఆరలేదు, అన్న చేతులు నీలం, లుంగీ నీలం. నాకు అప్పుడు వెలిగింది. వెలగగానే ఎక్కడన్నా దాక్కోవాలనిపించింది.

వదిన గుంపులోంచి ఇవతలికి వచ్చింది. ఒక పిల్లను ఎత్తి వాసన చూసింది. మొహం చిట్లించింది.

"ఏంది ఈ కంపు? రంగు ఎవురు పూసినారు?"

అందరూ నా వైపు చూశారు. నా చొక్కా నీలంగా ఉంది.

"అయ్యవారూ!" అంది వదిన.

మూడు నెలల తర్వాత ఆ పిలుపు.

"గొర్రె దాని పిల్లను ఎట్ల గుర్తుపడ్తాది? చెప్పు. పిలకాయలకు చెప్తావు గదా పాఠం, నాకు చెప్పు."

"వాసనతో" అన్నాను.

"తెలుసునా! తెలిసీ పూసినావా! సరిగ్గా ఆ తల్లి మూతి పెట్టేకాడ పూసినావే, ఎవురు సదివిచ్చినారయ్యా నిన్ను? పసిబిడ్డకు కిరసనాయిలు పూసి తల్లికి చూపిస్తే ముద్దు పెట్టుకుంటాదా?"

తిడుతూనే ఉంది. నేను నిలబడి ఏడుస్తూనే ఉన్నాను. సిగ్గుతో అనుకున్నారు అందరూ. సిగ్గు కాదు. ఆనందం.

కత్తెర తెమ్మంది. పెయింటు అంటిన వెంట్రుకలు కత్తిరించింది. నేను నోటుబుక్కు తెరిచి "ఇది ఏడో నంబరు" అనబోతే, "ఆ పుస్తకం లోపల పెట్టు" అంది. తల్లిని పట్టుకుని పొదుగు నుంచి నాలుగు ధారలు అరచేతిలోకి పిండి, పిల్ల వీపుకు, తోకకు రాసింది. అన్న తల్లిని కదలకుండా పట్టుకున్నాడు. తల్లి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ఊరుకుంది. పిల్ల మోకాళ్ళ మీద వాలి పాలు కుడిచింది. ఒకటి. రెండోది. "ఇది వంకర కొమ్ముదానిది." మూడోది. "ఇది నల్లదానిది, మూతి చూడు, అదే మూతి."

నేను మనసులో నోటుబుక్కుతో సరిచూసుకుంటున్నాను. అన్నీ సరి. ఆసుపత్రిలో ఉండగా పుట్టినవి ఆమె చూసినవే కావు. వాటి దగ్గర కాస్త ఆగి, చెవులు, మూతి, కాళ్ళు చూసి, మంద వైపు చూసి అప్పుడు చెప్పింది. అక్కడ రెండు తప్పింది. తల్లి కుమ్మగానే "సరేలేమ్మా, నీది గాదు" అని దానికే చెప్పి ఇంకో తల్లి దగ్గర పెట్టింది. నా జామీను నిలబడిందని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

చివరికి దొడ్లో ఒక్కటి మిగిలింది. తెల్లది, కంటి చుట్టూ నల్ల మచ్చ.

వదిన దాన్ని ఎత్తుకుంది. చెవులు చూసింది. "గుర్తు మనదే." మొహం తిప్పి చూసింది. మంద వైపు చూసింది. అన్ని తల్లుల దగ్గరా పిల్లలున్నాయి. మళ్ళీ పిల్లను చూసింది. చాలాసేపు చూసింది. నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు.

"ఇది నాకు తెలీడంల్యా" అంది. "ఇది యాడిది? దీని తల్లి ఏది?"

నా బతుకులో ఆమె నన్ను అడిగిన మొదటి గొర్రె ప్రశ్న అది. నాకు జవాబు తెలుసు. నేను చెప్పేలోగా ఆ పిల్ల చేతుల్లోంచి కిందికి దూకి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఆమె చీర కొంగు నోట పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

"దీని తల్లి ఈనినప్పుడే చచ్చిపోయింది వదినా" అన్నాను. "సీసాతో పాలు పట్టింది నువ్వే. నువ్వు అన్నం మానేసినాక గూడా దీనికి పట్టడం మానల్యా. నడుమ ఒక పూట, చివర్న రెండు దినాలే మాన్నావు. దీని తల్లివి నువ్వే."

వదిన నేల మీద కూర్చుండిపోయింది. "నేనే పట్టినానా?" అని అడిగింది. అన్న తల ఊపాడు. "నాకేం గుర్తు ల్యా" అంది. పిల్ల ఆమె ఒళ్ళోకి ఎక్కి, బొడ్డు దగ్గర తలతో పొడుస్తూ పాల కోసం వెతుకుతోంది. వదిన దాని తలకాయ దగ్గరికి తీసుకుని వాసన చూసింది. అప్పుడు ఏడ్చింది, భోరున ఏడ్చింది. ఇన్ని నెలల్లో ఆమె ఏడవడం అదే మొదలు. మేమెవరం ఆపలేదు.

ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నా వైపు చూసింది.

"ఆ పెయింటు అయిపోయిందా, ఉందా?"

"అడుగున కొంచెం ఉంది."

"తీసకరా. దీనికెందుకు ఎయ్యల్యా అంకె? గిట్ట మీద ఎయ్యి, ఒంటికి తగలనియ్యాకు." చెయ్యి చాపింది. "అదే అంకె నాకూ ఎయ్యి. నేను మల్లా మర్చిపోతే చూసుకుంటా."

నేను డబ్బా, బ్రష్షు తెచ్చాను. పిల్లల మీది పాత అంకెలన్నీ కత్తెరకు పోయాయి కదా, ముందు దాని గిట్ట మీద ఒకటి అంకె వేశాను. తర్వాత వదిన మణికట్టు పట్టుకుని, గాజులు పైకి తోసి అదే వేయబోయాను. పిల్ల ఆమె కొంగు లాగేసరికి అంకె వంకరపోయింది.

వదిన చెయ్యి వెలుతురుకు పెట్టి చూసుకుంది.

"అయ్యవారికి ఒకటి రాసేది గూడా రాదు" అంది.